గుట్టు, దాపరికం, నిక్షేపం: విద్యార్థి రికార్డుపై ఒక నైతిక పరిశీలన

ఉపోద్ఘాతం

2019 ఏప్రిల్ 18న తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడ్డాయి. వాటిలో ఒక విద్యార్థినికి తెలుగు పేపరులో సున్నా మార్కులు నమోదయ్యాయి. జవాబుపత్రాన్ని మళ్లీ చూసినప్పుడు ఆమెకు రావలసినవి 99 అని తేలింది. ఆ తరువాతి రోజుల్లో రాష్ట్రమంతటా ఆందోళనలు జరిగాయి. పలువురు విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. చివరకు తప్పిన అభ్యర్థులందరి జవాబుపత్రాలను, అంటే మూడు లక్షల మందికి పైగా విద్యార్థులవి, ఉచితంగా పునఃపరిశీలించాలని ప్రభుత్వం ఆదేశించింది. ఆ పునఃపరిశీలనలో వెయ్యి మందికి పైగా ఉత్తీర్ణులయ్యారు.

ఈ ఘటనను పాలనాలోపంగానో సాంకేతిక లోపంగానో వివరించవచ్చు. అయితే దీనిలో ఒక నైతిక ప్రశ్న కూడా ఇమిడి ఉంది. హాల్‌టికెట్ నంబరు తెలిసిన ఇరుగుపొరుగువారూ బంధువులూ ఆ సున్నాను క్షణాల్లో చూడగలిగారు. ఆ సున్నాకు మూలమైన జవాబుపత్రాన్ని చూడాలంటే మాత్రం, దాన్ని రాసిన విద్యార్థి రుసుము చెల్లించి, దరఖాస్తు పెట్టుకొని, రోజుల తరబడి ఎదురుచూడాలి. మార్కు ఊరంతటికీ కనిపించింది. జవాబు రాసిన చేతికి కనిపించలేదు. గోప్యత అవసరమైన చోట బహిరంగత, బహిరంగత అవసరమైన చోట గోప్యత నెలకొన్నాయి.

విద్యాసంస్థ సమాచారాన్ని తెలుసుకొనే హక్కు, తన విద్యా రికార్డు గోప్యంగా ఉండాలని కోరే హక్కు అనే రెండింటినీ సాధారణంగా పరస్పర విరుద్ధమైనవిగా చూస్తారు. ఒకటి తెరను తొలగించమంటుంది, మరొకటి తెరను దించమంటుంది కనుక ఆ భావన కలగడం సహజం. ఈ రెండూ ఒకే ధర్మానికి రెండు ముఖాలని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం. అందుకు తెలుగు భాషలోని రెండు మాటల మధ్య భేదాన్నీ, వ్యవహార ధర్మశాస్త్రంలోని ఒక భావననూ ఆధారం చేసుకోవడం జరిగింది.

గుట్టు – దాపరికం

చెప్పకపోవడాన్ని సూచించే మాటలు తెలుగులో అనేకం ఉన్నాయి. వాటిలో గుట్టు, దాపరికం అనే రెండింటి అర్థచ్ఛాయలు గమనింపదగినవి. గుట్టుగా బతకడం గౌరవంగా బతకడం. లేమిని, అనారోగ్యాన్ని, అవమానాన్ని పదిమంది నోళ్లలో పడనీయకుండా మనిషి కాపాడుకొనేది గుట్టు. అది పోతే పోయేది మర్యాద. దాపరికం వేరు. ‘దాపరికం లేకుండా చెప్పు’ అన్నప్పుడు, వినేవారికి తెలుసుకొనే అధికారం ఉన్నదనీ, చెప్పవలసినవారు దాచుతున్నారనీ ధ్వనిస్తుంది. అంటే మౌనం రెండు చోట్లా ఒకటే అయినా, దాని నైతిక విలువ దాచేవారికీ అడిగేవారికీ మధ్య ఉన్న సంబంధాన్ని బట్టి మారుతుంది. ఎదుటివారికి జవాబు చెప్పవలసిన బాధ్యత లేనిచోట మౌనం గుట్టు. ఆ బాధ్యత ఉన్నచోట అదే మౌనం దాపరికం.

‘ఇంటిగుట్టు లంకకు చేటు’ అనే సామెత ఈ భేదాన్ని చెరిపివేయడానికి తరచు ఉపయోగపడుతోంది. సంస్థలోని లోపాన్ని బయటపెట్టిన విద్యార్థినో అధ్యాపకుడినో ఈ సామెతతోనే మందలిస్తారు. లంక మాత్రం మామూలు ఇల్లు కాదు; అది ఒక రాజ్యం. రాజ్యం తన తప్పును ఇంటిగుట్టు అని పిలుచుకోవడం మాటల గారడీ. కళాశాల యాజమాన్యం ‘ఇది మా కుటుంబం’ అన్నప్పుడు కూడా ఇటువంటి గారడీయే జరుగుతుంది. కుటుంబం రుసుము వసూలు చేయదు, పట్టా ఇవ్వదు, హాజరు తక్కువైందని పరీక్షకు కూర్చోనీయకుండా ఆపదు. ఈ అధికారాలన్నీ కలిగిన సంస్థకు గుట్టు లేదు, జవాబుదారీతనం ఉంది. అధికారం లేని విద్యార్థికి ఉన్నది గుట్టు.

నిక్షేప భావన

విద్యార్థి రికార్డు సంస్థ దగ్గర ఉంటుంది. దగ్గర ఉన్నంత మాత్రాన అది సంస్థ సొత్తు అవుతుందా? ఒకరి వస్తువు మరొకరి దగ్గర ఉండే స్థితిని భారతీయ వ్యవహార ధర్మం సూక్ష్మంగా చర్చించింది. మనుస్మృతి చెప్పిన పద్దెనిమిది వివాదపదాలలో నిక్షేపం రెండవది. యాజ్ఞవల్క్యస్మృతి దీన్ని ఉపనిధి ప్రకరణంలో వివరించింది. లెక్కపెట్టి, చూపి అప్పగించినది నిక్షేపం. పేటికలో పెట్టి, లోపల ఏముందో చెప్పకుండా అప్పగించినది ఉపనిధి. విజ్ఞానేశ్వరుని మితాక్షర ఈ ప్రకరణాన్ని వ్యాఖ్యానించింది. 13వ శతాబ్దంలో మూలఘటిక కేతన విజ్ఞానేశ్వరీయం ద్వారా ఆ వ్యవహార సంప్రదాయాన్ని తెలుగు పద్యంలోకి తెచ్చాడు.

ఆ ప్రకరణంలోని మూడు నియమాలు ప్రస్తుత విషయానికి ముఖ్యం. మొదటిది, అప్పగించినదాన్ని ఎలా ఇచ్చారో అలాగే తిరిగి ఇవ్వాలి. రెండవది, రాజు వల్లనో దైవికంగానో దొంగల వల్లనో నష్టం కలిగితే దాచినవాడి తప్పు లేదు. అడిగినప్పుడు ఇవ్వకుండా ఉంచుకొన్న తరువాత నష్టం కలిగితే మాత్రం భారం అతనిదే. మూడవది, అప్పగించినదాన్ని తన ఇష్టం వచ్చినట్లు వాడుకొని బతికేవాడు దండనీయుడు. వాడుకొన్నందుకు వృద్ధితో సహా చెల్లించాలి.

ఈ శాస్త్రాలను ప్రమాణంగా స్వీకరించడం లేదని ఇక్కడ స్పష్టం చేయవలసి ఉంది. ఏ స్మృతులు నిక్షేపాన్ని ఇంత న్యాయంగా చర్చించాయో అవే స్మృతులు విద్యను కొన్ని వర్ణాలకు పరిమితం చేశాయి. నేడు కళాశాలలో కూర్చొన్న విద్యార్థులలో అధిక సంఖ్యాకులకు ఆ వ్యవస్థలో చోటే లేదు. అందువల్ల ఇక్కడ గ్రహించేది వాటి అధికారాన్ని కాదు, ఒక సంబంధాన్ని అవి విశ్లేషించిన తీరును మాత్రమే. ఆ భావన శాస్త్రాన్ని దాటి జనవ్యవహారంలో కూడా నిలిచింది. క్షేమంగా, చెక్కుచెదరకుండా ఉన్నదాన్ని తెలుగువారు నేటికీ ‘నిక్షేపంగా ఉంది’ అంటారు. ఒకరి దగ్గర దాచినది భద్రంగా ఉండాలన్న ఆశ ఆ పలుకుబడిలో స్థిరపడింది.

రికార్డులోని మూడు పొరలు

రికార్డు అంతటికీ నిక్షేప భావన ఒకే విధంగా వర్తిస్తుందా అన్నది న్యాయమైన ఆక్షేపణ. బంగారాన్ని దాచినవాడు తెచ్చి ఇస్తాడు. మార్కును మాత్రం విద్యార్థి తెచ్చి ఇవ్వడు. దాన్ని సంస్థే సృష్టిస్తుంది. కనుక రికార్డును మూడు పొరలుగా విడదీయడం అవసరం.

మొదటి పొర విద్యార్థి ఇచ్చినది: పదవ తరగతి ధ్రువపత్రం, బదిలీ పత్రం, కుల, ఆదాయ ధ్రువపత్రాలు, చిరునామా, ఆధార్ సంఖ్య. ఇది పూర్తి అర్థంలో నిక్షేపం. రెండవ పొర విద్యార్థి చేసినది: జవాబుపత్రం, ప్రాజెక్టు నివేదిక. కాగితం సంస్థది, రాత విద్యార్థిది. మూడవ పొర విద్యార్థిని గురించి సంస్థ అన్నది: మార్కులు, హాజరు, నడవడిక, క్రమశిక్షణ చర్యలు. ఇది నిక్షేపం కాదు, తీర్పు. అయితే తీర్పు విషయంలో మరొక ధర్మం ఉంది: ఎవరిపై తీర్పు చెప్పారో వారికి దాని కారణం తెలియాలి. 2005 సమాచార హక్కు చట్టంలోని 4(1)(డి) నిబంధన పరిపాలనాపరమైన నిర్ణయాలకు కారణాలను, వాటివల్ల ప్రభావితులైనవారికి తెలియజేయాలని నిర్దేశించింది. ఈ విధంగా మొదటి పొరలో యాజమాన్య హక్కు, రెండవ పొరలో కర్తృత్వ హక్కు, మూడవ పొరలో కారణం వినే హక్కు విద్యార్థికి లభిస్తున్నాయి. ఆధారాలు వేరైనా మూడూ కోరేది ఒక్కటే: రికార్డు ఎవరిదో వారికి తెరచి ఉండాలి, ఇతరులకు మూసి ఉండాలి.

జవాబుపత్రం ఎవరికి కనిపించాలి?

రెండవ పొరకు సంబంధించి భారత న్యాయస్థానాల ఆలోచన గణనీయంగా మారింది. 1984లో మహారాష్ట్ర మాధ్యమిక విద్యామండలి వ్యాజ్యంలో, జవాబుపత్రాలను చూసే హక్కు, పునర్మూల్యాంకనాన్ని కోరే హక్కు నిబంధనలు అనుమతించనిచోట లేవని సుప్రీంకోర్టు భావించింది. లక్షలాది పత్రాలను నిర్వహించే వ్యవస్థకు ముగింపు అనేది ఉండాలన్న వాదానికి అప్పుడు ప్రాధాన్యం లభించింది. సమాచార హక్కు చట్టం వచ్చిన తరువాత, 2011 ఆగస్టు 9న సి.బి.ఎస్.ఈ. వర్సెస్ ఆదిత్య బందోపాధ్యాయ కేసులో అదే న్యాయస్థానం మూల్యాంకనం చేసిన జవాబుపత్రం ఆ చట్టం చెప్పిన ‘సమాచారం’ అవుతుందనీ, దాన్ని పరిశీలించే హక్కు అభ్యర్థికి ఉందనీ తీర్పు ఇచ్చింది.

ఈ తీర్పులోని తర్కం నిక్షేప ధర్మానికి చాలా దగ్గరగా ఉంది. విశ్వాస సంబంధంలో తమ దగ్గర ఉన్న సమాచారాన్ని వెల్లడించనవసరం లేదన్న 8(1)(ఇ) మినహాయింపును పరీక్షా మండలి ఆశ్రయించింది. దానికి న్యాయస్థానం ఇచ్చిన సమాధానం గమనార్హం. అభ్యర్థి పట్ల మండలికి విశ్వాస సంబంధం ఉన్నదని ఒప్పుకొన్నా, ఆ సంబంధం పత్రాన్ని మూడవ వ్యక్తికి చూపరాదని చెప్పగలదే తప్ప, ఎవరి మేలు కోసం దాచారో ఆ వ్యక్తికే చూపరాదని చెప్పజాలదు. దాచినవాడు దొంగ నుంచి కాపాడుతున్నానని చెప్పి యజమానికే తలుపు మూయరాదన్నది దీని సారాంశం. అదే తీర్పు మూల్యాంకకుల వివరాలకు రక్షణ కల్పించింది. వారి పేర్లు బయటపడితే వారికి హాని కలిగే అవకాశాన్ని అది గుర్తించింది. చూసే హక్కు దానంతట అది పునర్మూల్యాంకన హక్కు కాదనీ పేర్కొంది. గుట్టు అవసరమైన చోట గుట్టు, తెలియవలసిన చోట తెలియడం అన్న సమతూకం అందులో కనిపిస్తుంది.

అయినా ఆచరణ వేరుగా ఉంది. చూపించే బాధ్యత సంస్థదని తీర్పు చెబుతుండగా, అడిగే బాధ్యత విద్యార్థి నెత్తిన పడింది. అడగడానికి రుసుము, గడువు, దరఖాస్తు భాష, అన్నిటినీ మించి భయం అడ్డుగా నిలుస్తున్నాయి. అంతర్గత మూల్యాంకన మార్కులు వేసే అధ్యాపకుణ్ణి ‘నా పత్రం చూపించండి’ అని అడగగల విద్యార్థి ఎందరికో ఒకడు.

బీరువాలోని ధ్రువపత్రాలు

మొదటి పొరలో నిక్షేప ధర్మం బహిరంగంగానే ఉల్లంఘితమవుతోంది. ప్రవేశ సమయంలో పరిశీలన కోసం తీసుకొన్న అసలు ధ్రువపత్రాలను కళాశాల బీరువాలో ఉంచుకోవడం, బకాయి తీరేవరకు ఇవ్వకపోవడం తెలుగు రాష్ట్రాలలో సర్వసాధారణమైపోయింది. ఫీజు రీయింబర్స్‌మెంటు పథకం కింద ప్రభుత్వం చెల్లించవలసిన సొమ్ము ఆలస్యమైనప్పుడు ఈ సమస్య మరింత తీవ్రమవుతుంది. అప్పు ప్రభుత్వానిది, రావలసినది కళాశాలకు, బందీ అయ్యేది విద్యార్థి పదవ తరగతి మెమో. ఉద్యోగ నియామకంలో పత్రాల తనిఖీ తేదీ దాటిపోయినా, పై చదువుకు ప్రవేశ గడువు ముగిసినా, ఆ నష్టాన్ని తిరిగి పూడ్చగలవారు లేరు. అడిగినప్పుడు ఇవ్వక ఉంచుకొన్న తరువాత కలిగిన నష్టం దాచినవాడిదే అన్న పూర్వ నియమం ప్రకారం చూస్తే, ఆ భారం ఎవరిదో స్పష్టమే.

విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018 అక్టోబరులో రుసుముల వాపసు, అసలు ధ్రువపత్రాలను ఉంచుకోరాదన్న విషయాలపై ప్రకటన జారీ చేసింది. పత్రాలను పరిశీలించి వెంటనే తిరిగి ఇవ్వాలన్నది దాని సారం. విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కారానికి అదే సంఘం 2023లో చేసిన నిబంధనలు కూడా, ప్రవేశం కోసం విద్యార్థి ‘డిపాజిట్’ చేసిన పత్రాలను, చదవదలచుకోని కోర్సుకు రుసుము రాబట్టడం కోసం ఆపి ఉంచడాన్ని ఫిర్యాదుకు తగిన అంశంగా చేర్చాయి. ఆధునిక చట్టభాష సైతం ఇక్కడ నిక్షేపానికి సమానమైన మాటనే వాడింది. కుదువ పెట్టిన వస్తువును బాకీ తీరేవరకు ఉంచుకొనే హక్కు అప్పు ఇచ్చినవాడికి ఉంటుంది. విద్యార్థి తన ధ్రువపత్రాన్ని కుదువ పెట్టలేదు. పరిశీలన కోసం అప్పగించాడు. నిక్షేపాన్ని కుదువగా మార్చుకోవడమే ఇక్కడ జరుగుతున్న అధర్మం. కళాశాలకు రావలసిన బకాయి న్యాయమైనదే కావచ్చు, దాని వల్ల అధ్యాపకుల జీతాలు ఆగడం కూడా వాస్తవమే. ఆ న్యాయమైన బకాయిని రాబట్టే దారి ప్రభుత్వంతో వ్యవహారమే కాని విద్యార్థి భవిష్యత్తు కాదు.

ప్రకటనలోని ముఖం

అప్పగించినదాన్ని వాడుకొని బతకరాదన్న మూడవ నియమానికి మన పత్రికల మొదటి పుటలే ఉదాహరణ. ఫలితాలు వచ్చిన మరునాడు విజయవాడలోనూ హైదరాబాదులోనూ పత్రికల పుటల నిండా విద్యార్థుల ఫొటోలు, పేర్లు, హాల్‌టికెట్ నంబర్లు, ర్యాంకులు కనిపిస్తాయి. అవే ముఖాలు కూడళ్లలో హోర్డింగులపై వచ్చే ఏడాది వరకు నిలుస్తాయి. విద్యార్థి రికార్డులోని ఒక అంశం సంస్థకు వ్యాపార మూలధనంగా మారిందని దీని అర్థం.

ర్యాంకు సాధించిన విద్యార్థికి అది గౌరవమే కదా అన్న వాదన ఉంది. గౌరవమో కాదో నిర్ణయించవలసింది ఆ విద్యార్థి. 2024 నవంబరులో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ కోచింగ్ రంగంలో తప్పుదారి పట్టించే ప్రకటనలపై జారీ చేసిన మార్గదర్శకాలు ఈ విషయంలో ఒక సూక్ష్మాన్ని గుర్తించాయి. విజేతల పేర్లను, ఫొటోలను లిఖితపూర్వకమైన అంగీకారం లేకుండా వాడరాదు. ఆ అంగీకారాన్ని కూడా విజయం సాధించిన తరువాతనే తీసుకోవాలి. చేరేనాడు దరఖాస్తు అడుగున పెట్టించుకొన్న సంతకం అంగీకారం కాదన్నమాట. ప్రవేశం కావలసినవాడు ఏ షరతుకైనా సంతకం పెడతాడు. నిరాకరించే శక్తి లేనిచోట ఇచ్చిన అంగీకారానికి నైతిక బలం ఉండదు. విజేత ఏ కోర్సులో చేరాడో, ఎంత కాలం చదివాడో కూడా ప్రకటనలో తెలపాలని ఆ మార్గదర్శకాలు కోరాయి. ఇంతవరకు ప్రకటనలలో విద్యార్థి ముఖం పెద్దదిగానూ, అతడు అక్కడ నిజంగా చదివినది కొన్ని వారాల నమూనా పరీక్షల కోర్సు మాత్రమేనన్న సంగతి కనిపించకుండానూ ఉండేవి. గుట్టు బయటపడింది, దాపరికం కొనసాగింది.

ఒక అంకె కూడా అమాయకం కాదు. 2023లో బొంబాయి ఐఐటీ తన విద్యార్థులకు ఇచ్చిన మార్గదర్శకాలలో, తోటివారి ప్రవేశపరీక్ష ర్యాంకును అడగడం వారి కులాన్ని తెలుసుకొనే ప్రయత్నం కాగలదనీ, అటువంటి ప్రశ్నలు తగవనీ పేర్కొంది. రిజర్వేషన్ ద్వారా వచ్చిన విద్యార్థికి ర్యాంకు ఒక సంఖ్య కాదు, చెప్పదలచుకోని ఒక పరిచయం. ఉపకారవేతనాల జాబితాను పేరు పక్కన కులంతో సహా నోటీసు బోర్డుపై అంటించే కళాశాల ఈ సంగతిని ఆలోచించినట్లు కనిపించదు. సొమ్ము అందిందో లేదో తెలియవలసింది ఆ విద్యార్థికి. ఆ దారిన పోయే అందరికీ కాదు.

సంస్థ సొంత సమాచారం

నిక్షేపాన్ని కాపాడవలసినవాడు తన ఇంటి లెక్కలను కూడా నిక్షేపమని చెప్పజాలడు. సమాచార హక్కు చట్టం 4(1)(బి) నిబంధన, ఎవరూ అడగకముందే ప్రభుత్వ సంస్థలు ప్రకటించవలసిన అంశాలను పదిహేడింటిగా పేర్కొంది. నిధుల సంఘం 2023 నిబంధనలు కూడా ప్రవేశాలకు కనీసం 60 రోజుల ముందే సీట్లు, రుసుములు, అర్హతలు, అధ్యాపకుల వివరాలతో సమాచార సంచికను ప్రచురించాలని కోరుతున్నాయి. చదువు ఒకసారి మాత్రమే కొనగలిగినది. మూడేళ్లు గడిచాక అధ్యాపకులు లేరని తెలిస్తే ఆ మూడేళ్లను వాపసు తీసుకొనే వీలు లేదు. అందువల్ల ఇక్కడ సమాచారం తరువాతి ఉపశమనం కాదు, ముందస్తు రక్షణ.

అయితే తెలుగు రాష్ట్రాలలో డిగ్రీ, ఇంజనీరింగు విద్యలో ప్రైవేటు కళాశాలల వాటా చాలా ఎక్కువ. ప్రభుత్వం నుంచి గణనీయమైన నిధులు పొందే సంస్థలు సమాచార హక్కు పరిధిలోకి వస్తాయని 2019లో డి.ఏ.వి. కళాశాలల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రభుత్వ సహాయం నేరుగా పొందని కళాశాలలు దీని వెలుపల ఉన్నామని వాదిస్తాయి. ఆ స్థితిలో మిగిలేది పరోక్ష మార్గం: ఆ కళాశాల నుంచి చట్టప్రకారం సమాచారం తెప్పించుకోగల విశ్వవిద్యాలయాన్ని అడగడం. ప్రైవేటు సంస్థకు సంబంధించినదైనా, మరొక చట్టం ప్రకారం ప్రభుత్వ సంస్థ పొందగల సమాచారం ‘సమాచారమే’ అని 2(ఎఫ్) నిర్వచనం చెబుతోంది. ఈ దారి ఉన్నదని విద్యార్థులలో కొద్దిమందికే తెలుసు.

గోప్యత పేరిట దాపరికం ప్రవేశించే ప్రమాదం ఇప్పుడు పెరిగింది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా ఏకగ్రీవంగా గుర్తించింది. ఆ హక్కు వ్యక్తిని బలవంతుల నుంచి కాపాడడానికి పుట్టినది. వ్యక్తిగత డిజిటల్ సమాచార పరిరక్షణకు 2023లో చేసిన చట్టం, సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె)ని సవరించింది. ప్రజా కార్యకలాపంతో సంబంధం ఉందా, విస్తృత ప్రజాప్రయోజనం ఉందా అన్న కొలతలను ఆ నిబంధన నుంచి తొలగించి, వ్యక్తిగత సమాచారం అన్న ఒక్క మాటతో మినహాయింపును విస్తరించింది. ప్రజాప్రయోజనం ఎక్కువైనప్పుడు వెల్లడించవచ్చన్న 8(2) నిబంధన ఇంకా మిగిలి ఉండడం ఊరట. అధ్యాపకుడి అనారోగ్యం అతని గుట్టు. తరగతి గదిలో నిలబడి బోధించడానికి అతనికి ఉన్న విద్యార్హత మాత్రం విద్యార్థుల ముందు అతనూ సంస్థా చేసిన వాగ్దానం. రెండూ వ్యక్తిగత సమాచారమే అనే చట్టం ఆ భేదాన్ని చూడలేదు. చూడవలసింది దాన్ని అమలుచేసే మనుషులే.

తల్లిదండ్రుల స్థానం

నిక్షేపం పెట్టినది బిడ్డా, తండ్రా అన్నది తెలుగు సమాజంలో సులభంగా తేలని ప్రశ్న. కళాశాల నుంచి హాజరు, మార్కుల సందేశం తండ్రి ఫోనుకు వెళ్తుంది. రుసుము కట్టినవాడు తెలుసుకోవాలన్నది ఇక్కడి లోకజ్ఞానం. ఈ విషయంలో అమెరికా చట్టం తెలుగు కుటుంబాలను నేరుగా తాకుతున్నది. అక్కడ 1974లో సెనేటర్ జేమ్స్ బక్లీ చొరవతో వచ్చిన కుటుంబ విద్యాహక్కుల, గోప్యతా చట్టం, రికార్డును చూసే హక్కునూ, దాన్ని ఇతరులకు చూపకుండా ఆపే హక్కునూ ఒకే శాసనంలో చేర్చింది. అడిగిన 45 రోజుల్లోగా రికార్డును చూపించాలి. తప్పులను సరిదిద్దమని కోరవచ్చు. పద్దెనిమిదేళ్లు నిండినా, కళాశాలలో చేరినా ఈ హక్కులు తల్లిదండ్రుల నుంచి విద్యార్థికి బదిలీ అవుతాయి. సంస్థ తన గురించి చెప్పవలసిన మరో సగాన్ని 1990 నాటి చట్టం పూరించింది: ఎందరు చదువు పూర్తిచేస్తున్నారో, ప్రాంగణంలో ఎటువంటి నేరాలు జరిగాయో కళాశాలలు ప్రకటించాలి.

గుంటూరులోనో కరీంనగరులోనో పొలం అమ్మి కొడుకును అమెరికా పంపిన తండ్రికి, ఆ కొడుకు మార్కులు అడిగితే విశ్వవిద్యాలయం చెప్పదు. అక్కడి పన్ను చట్టం ప్రకారం ఆధారపడిన సంతానం విషయంలో ఉన్న మినహాయింపు ఇక్కడి తండ్రికి ఉపయోగపడదు. కొడుకు రాతపూర్వకంగా అనుమతి ఇవ్వాలి. ఇది ఆ తండ్రికి అవమానంగా తోచడం అర్థం చేసుకోదగినదే. అయినా సొమ్ము పెట్టినవాడి హక్కుకూ, రికార్డు ఎవరి జీవితాన్ని గురించి మాట్లాడుతుందో వారి హక్కుకూ భేదం ఉంది. తండ్రి పెట్టినది ధనం. పరీక్ష రాసినది బిడ్డ. ఇక్కడ కూడా డిగ్రీ విద్యార్థి చట్టరీత్యా వయోజనుడు. ఇంటర్మీడియట్ విద్యార్థి విషయంలో తల్లిదండ్రుల ప్రమేయం సహజం. డిగ్రీ విద్యార్థిని విషయంలో ఆ సందేశం ఆమెకు తెలియకుండా ఇంటికి వెళ్లడం వల్ల చదువే ఆగిపోయే సందర్భాలు ఉంటాయి. కనీసం ఏ సమాచారం ఎవరికి వెళ్తోందో ఆమెకు తెలియడం, అభ్యంతరం చెప్పే వీలు ఉండడం న్యాయం. కొడుకు చెప్పుకొనే మార్కులకూ, కళాశాల చేరవేసే మార్కులకూ మధ్య ఉన్నది నమ్మకం. ఆ నమ్మకాన్ని పెంచవలసిన పని ఇంటిది.

ఆక్షేపణలు, సమాధానాలు

ఈ విభజనకు రెండు గట్టి అభ్యంతరాలు ఉన్నాయి. విద్యార్థుల మార్కులన్నీ మూసివేస్తే ప్రవేశాలలో అక్రమం జరిగిందో లేదో తెలిసేదెలా అన్నది మొదటిది. తనకన్నా తక్కువ మార్కులు వచ్చినవారికి సీటు ఇచ్చారని అనుమానించే అభ్యర్థికి, రోస్టరు పాటించలేదని ప్రశ్నించే విద్యార్థి సంఘానికి ఇతరుల మార్కులు కావాలి. దీనికి సమాధానం ఎంపికకూ వ్యక్తికీ మధ్య భేదంలో ఉంది. ఎంపిక సంస్థ చేసిన పని కనుక అది కనిపించాలి. సంఖ్యలు, కేటగిరీలు, కటాఫ్ మార్కులు, రోస్టరు స్థానాలు ప్రకటించాలి. పేరు, ఫొటో, చిరునామా అక్కరలేదు. వెల్లడించదగిన భాగాన్ని వేరుచేసి ఇవ్వవచ్చునని సమాచార హక్కు చట్టం పదవ నిబంధన ఇప్పటికే చెబుతోంది.

రెండవ అభ్యంతరం అధ్యాపకులది. ప్రతి మార్కుకూ కారణం చూపవలసి వస్తే నిర్భయంగా మూల్యాంకనం చేయలేమని వారు అంటారు. ఈ భయంలో సత్యం లేకపోలేదు. సాహిత్య వ్యాసానికి ఏడు మార్కులా ఎనిమిదా అన్నదానికి గణితంలోలాగా రుజువు ఉండదు. అయితే కారణం చెప్పడం వేరు, రుజువు చేయడం వేరు. ‘పద్య సందర్భాన్ని గుర్తించావు, అలంకారాన్ని వివరించలేదు’ అన్న ఒక్క వాక్యం విద్యార్థికి మార్కు కన్నా ఎక్కువ నేర్పుతుంది. చూపించవలసి వస్తుందని తెలిసిన చేయి జాగ్రత్తగా దిద్దుతుంది. తొంభైతొమ్మిది రావలసిన చోట సున్నాలు పడ్డప్పుడు లోపించింది సాహిత్య విమర్శ కాదు, ఆ జాగ్రత్త.

ముగింపు

విద్యార్థి గుట్టు, సంస్థ జవాబుదారీతనం అనేవి ఒకదానికొకటి పోటీ కావు. రికార్డు విద్యార్థి తరపున సంస్థ దగ్గర ఉన్న నిక్షేపమని ఒప్పుకొంటే, దాన్ని యజమానికి చూపడం, పరులకు చూపకపోవడం, వాడుకోకపోవడం, అడిగినప్పుడు ఇవ్వడం అన్న నాలుగు విధులూ ఒకే మూలం నుంచి వస్తాయి. దాచేవాడు నమ్మదగినవాడో కాదో తెలియాలి కనుక, అతని లెక్కలు తెరచి ఉండాలన్న ఐదవ విధి కూడా అక్కడినుంచే వస్తుంది.

చట్టాలు, తీర్పులు ఈ విధులను చాలావరకు గుర్తించాయి. వాటిని ఆచరించవలసిన చోటు మాత్రం న్యాయస్థానం కాదు, ప్రతి కళాశాల కార్యాలయం, ప్రతి శాఖ. తెలుగు శాఖ బీరువాలో కూడా అంతర్గత మార్కుల రిజిస్టరు, పరిశోధక విద్యార్థుల ప్రగతి నివేదికలు, కుల ధ్రువపత్రాల నకళ్లు ఉంటాయి. పరిశోధకుని సిద్ధాంతగ్రంథం శోధ్‌గంగలో లోకమంతటికీ తెరచి ఉండడం సముచితం, ఎందుకంటే అది లోకానికి ఇచ్చినది. అతనిపై రాసిన ప్రగతి నివేదిక లోకానికి కాదు, అతనికి తెలియవలసినది. ఆ బీరువా తాళంచెవి ఎవరి దగ్గర ఉన్నదో వారు తమను యజమానులుగా భావించుకొంటారా, నిక్షేపధారులుగానా అన్నదానిపైనే ఈ హక్కుల అర్థం ఆధారపడి ఉంది. పేటికను మోయడం అధికారం కాదు, బాధ్యత. అప్పగించినది అడిగిననాడు నిక్షేపంగా తిరిగి చేతికి రావాలని తప్ప విద్యార్థి కోరేది మరేమీ లేదు.